మీటర్ మాత్రం పన్నెండే చూపించింది

మా వైఫై డబ్బా ఆరిపోయి మళ్ళీ లేవడానికి 2 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. ఈ లెక్క తేల్చింది నేను కాదు, నా దగ్గర ఆన్‌లైన్లో లెక్కలు నేర్చుకునే పదో తరగతి పిల్లలు. పాఠం మధ్యలో నేను నోరు తెరిచి, చెయ్యి గాల్లో పెట్టి బొమ్మలా ఆగిపోగానే "మేడమ్ పోయారు, టైమ్ పెట్టండ్రా" అని ఒకడు స్టాప్‌వాచ్ నొక్కేవాడట. నేను తిరిగి వచ్చేసరికి చాట్‌లో 2.38, 2.41 అని వరసగా రాసి ఉండేవి. వాళ్ళకది ఆట. నెలనెలా ఫీజు కట్టే తల్లిదండ్రులకి ఏం చెప్పాలో తెలియక నాకు టెన్షన్.

మాది తెనాలి. మేడ మీద వాటా. ఫైబర్ తీగ వచ్చి దిగే తెల్ల డబ్బాలోనే వైఫై కూడా ఉంది, వేరే రూటర్ లేదు. పెట్టించి నాలుగేళ్ళు. ఏప్రిల్ రెండో వారం దాకా దాని వైపు చూడాల్సిన పనే పడలేదు. ఆ తర్వాత సాయంత్రం ఏడు దాటితే చాలు, మూడు నాలుగు సార్లు చచ్చి బతికేది. పగలంతా మాత్రం బంగారం.

కంప్లైంట్ ఇస్తే మర్నాడే ఒక కుర్రాడు వచ్చాడు. మంచివాడే. ఫైబర్ చివర తుడిచాడు, ప్యాచ్ కార్డు, అంటే డబ్బాకి గుచ్చే చిన్న ఫైబర్ తీగ, మార్చాడు, చేతిలోని చిన్న మీటర్ గుచ్చి చూసి "పవర్ బాగానే వస్తోంది మేడమ్" అన్నాడు. నేను నమ్మేశాను. పవర్ గురించి ఇక ఆలోచించక్కర్లేదనుకున్నాను. వారం తర్వాత గానీ నాకు వెలగలేదు, అతను చెప్పింది కరెంటు సంగతి కాదు, తీగలో వచ్చే వెలుతురు సంగతి. ఆ మీటర్ మైనస్ 21 డీబీఎం చూపించింది, వెలుతురు బలానికి అదే కొలత. మైనస్ 27 దాకా పడిపోయినా ఈ డబ్బాలు నడుస్తాయి. అంటే లైన్ నిజంగానే బాగుంది. రెండోసారి వచ్చినప్పుడు రీసెట్ కొట్టి, పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టి వెళ్ళాడు. మూడోసారి ఫోన్లోనే "రెడ్ లైట్ వస్తోందా మేడమ్? రాకపోతే ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. అది తనంతట తనే ఆఫ్ అయి ఆన్ అవుతోందయ్యా బాబూ అంటే అవతల నిశ్శబ్దం.

ఈలోగా మా అత్తయ్య ఒక మాట అంది. "అమ్మాయ్, నేను ఏసీ వేసినప్పుడల్లా నీ డబ్బా చస్తోంది, గమనించావా?"

మేం నవ్వాం. ఏసీ ఆ చివరి గదిలో ఉంది, దానికి వేరే వైరింగు, వేరే ఎమ్‌సీబీ (ట్రిప్ స్విచ్). నాకూ ఎప్పుడో చేసిన ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఒకటుంది. ఆ డిప్లొమా మీద నమ్మకంతోనే అత్తయ్య మాటని కొట్టిపారేశాను.

మొదటి ఆధారం డబ్బా లోపలే దొరికింది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్తే స్టేటస్ పేజీలో అప్‌టైమ్ అని ఉంటుంది, డబ్బా లేచి ఎంతసేపైందో చెప్పే లెక్క. ఆ రాత్రి చూస్తే 11 నిమిషాలు. పక్కనే లాగ్. అందులో సగం వరసలు ఏప్రిల్ తేదీలతో, సగం 1970 జనవరి 1 తేదీతో ఉన్నాయి. మొదట హ్యాకింగేమో అని భయమేసింది. సంగతేమిటంటే ఈ డబ్బాలో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే దాని కాలం 1970 నుంచి మళ్ళీ మొదలవుతుంది, నెట్ కలిశాక అసలు టైమ్ తెలుసుకుని సర్దుకుంటుంది. కాబట్టి ఆ 1970 వరసలు కనిపించిన ప్రతిచోటా డబ్బా మొదటినుంచి లేచిందన్నమాట. ఎనిమిది రోజుల్లో 23 చోట్ల లెక్కపెట్టాను.

దీంతో ఒక చిక్కు విడిపోయింది. లైన్ పోతే ఎర్ర లైటు వస్తుంది, నెట్ ఉండదు, కానీ వైఫై పేరు ఫోన్లో కనిపిస్తూనే ఉంటుంది. మా ఇంట్లో వైఫై పేరే మాయమయ్యేది. అంటే ఊపిరి ఆగుతోంది డబ్బాకే, తీగకి కాదు. ఈ ఒక్క తేడా మొదట్లోనే గమనించి ఉంటే ఆ కుర్రాణ్ణి రెండుసార్లు మేడ ఎక్కించేదాన్ని కాదు.

ఊపిరి అంటే అడాప్టర్. గోడకి తగిలించే నల్ల దిమ్మ, 12 వోల్టులు 1 ఆంపియర్ అని రాసి ఉంది. మా ఆయన టూల్ డబ్బాలోంచి మల్టీమీటర్ తీశాను. పిన్ను డబ్బా నుంచి లాగి, లోపలి రంధ్రంలో ఎర్ర ప్రోబ్, బయటి అంచుకి నల్ల ప్రోబ్ ఆనించాను. 12.1. కదలకుండా 12.1. అడాప్టర్ బ్రహ్మాండంగా ఉంది, దోషం వేరే ఎక్కడో ఉంది అనుకుని మీటర్ లోపల పెట్టేశాను. నేను చేసిన అసలు తప్పు ఇదే. దీనివల్ల ఇంకో ఆరు రోజులు పోయాయి.

ఆ ఆరు రోజుల్లో ఏమేం చేశానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. వేడి ఎక్కువై ఆగిపోతోందేమో అని టీవీ కింద చెక్క అరలోంచి డబ్బా బయటికి తీసి, దాని ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టాను. సాకెట్ మార్చాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే రాత్రి ఎనిమిదికి ఇంట్లో వోల్టేజీ చూసి "185 వస్తోందండీ, ఎండాకాలం అందరూ ఏసీలు వేస్తారు కదా" అన్నాడు. అడాప్టర్ మీద 100 నుంచి 240 వరకు అని ఉంది, 185 దానికో లెక్క కాదు అని అతన్నీ పంపేశాను. చుట్టాల్లో ఒకాయన మినీ యూపీఎస్ కొనుక్కోమన్నాడు. అది పెడితే పని జరిగేదేమో గానీ, జబ్బేమిటో తెలియకుండా దుప్పటి కప్పినట్టే కదా అని ఆగాను.

అడాప్టర్ మార్చి కూడా చూశాను. మూలన పడి ఉన్న పాత సెట్‌టాప్ బాక్స్‌ది, అదీ 12 వోల్టులు 1 ఆంపియరే. పెట్టాను. ఆ సాయంత్రం ఐదుసార్లు ఆరిపోయింది, ముందుకంటే ఎక్కువ. రెండు అడాప్టర్లూ ఒకేసారి పాడై ఉండవు కదా, కాబట్టి తప్పు డబ్బాలోనే ఉంది అని తీర్మానించాను. పిల్లలు ఇలాంటి తర్కం రాస్తే సున్నా వేస్తాను. ఆ రెండో అడాప్టర్ బాగుందని నాకెవరు చెప్పారు? దాని పిన్ను బయటికి మొదటిదానిలాగే 5.5 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం మాత్రం 2.5. నా డబ్బాలో ఉన్న సూది 2.1 మందం. దూరుతుంది, వెలుగుతుంది, కానీ లోపల వదులు. తలుపు గట్టిగా వేస్తే చాలు, కాంటాక్ట్ పోతుంది. ఒక రోగాన్ని పరీక్షించడానికి ఇంకో రోగాన్ని తెచ్చి పెట్టానన్నమాట. ఈ సంగతి కూడా చాలా ఆలస్యంగా, వైరు కాస్త కదిపినప్పుడు లైట్లన్నీ ఆరితే తెలిసింది.

ఆ ఆదివారం అటక మీద పిల్లల పాత పుస్తకాలు వెతుకుతుంటే నా పాలిటెక్నిక్ రికార్డు బుక్కు చేతికొచ్చింది. రెండో ఏడాది. ఎర్ర సిరా సంతకాలు, చేత్తో గీసిన సర్క్యూట్లు. ఒక పేజీలో పవర్ సప్లై రెగ్యులేషన్ ప్రయోగం. లోడ్ లేనప్పటి వోల్టేజీలోంచి ఫుల్ లోడ్ వోల్టేజీ తీసేసి, వచ్చినదాన్ని ఫుల్ లోడ్ వోల్టేజీతో భాగించి వందతో హెచ్చించాలి. అప్పట్లో రీడింగులన్నీ పక్క బ్యాచ్ నుంచి చూసి రాసుకున్నాం. అటక నిచ్చెన మీద నిలబడే ఆ పేజీ రెండుసార్లు చదివాను. నేను కొలిచింది లోడ్ లేని వోల్టేజీ. ఖాళీ చేతులతో నిలబడ్డవాణ్ణి చూసి బస్తా మొయ్యగలడని సర్టిఫికెట్ ఇచ్చాను.

లోడ్ ఎలా పెట్టాలి? ల్యాబ్‌లో కరెంటు కావలసినంత లాగించడానికి రియోస్టాట్ ఉండేది, ఇంట్లో ఎక్కడిది? బండి బల్బులు గుర్తొచ్చాయి. స్కూటర్ స్పేర్ పార్టుల షాపులో 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బులు రెండు, హోల్డర్లతో సహా కొన్నాను. ఒక్కోటి వెలిగితే 0.42 ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిస్తే 0.83. అడాప్టర్ మీద రాసిన 1 ఆంపియర్‌కి లోపే. సీసీటీవీ సామాన్ల షాపులో, ఒకవైపు పిన్ను దూరే బొక్క, మరోవైపు స్క్రూలతో తీగలు బిగించుకునే ఆకుపచ్చ దిమ్మ ఉన్న డీసీ కనెక్టర్ దొరుకుతుంది. అదొకటి. అన్నీ కలిపి వంద రూపాయల్లోపే.

సోమవారం పొద్దున్న వంటింటి గట్టు మీద ప్రయోగం. అత్తయ్య కాఫీ గ్లాసుతో పక్కనే నిలబడింది. ఏ బల్బూ లేకుండా 12.1. ఒక బల్బు కలిపాను, అది ఒక్క క్షణం తటపటాయించి వెలిగింది. 11.4. పర్లేదు అనుకున్నాను. రెండో బల్బు కలిపాను. రెండూ ఎర్రగా మారి వణకడం మొదలుపెట్టాయి, దేవుడి గదిలో గాలికి ఊగే దీపంలా. మీటర్ 8.9 దగ్గర కుదురు లేకుండా అటూ ఇటూ కొట్టుకుంది. అడాప్టర్ లోపలినుంచి సన్నగా టిక్ టిక్ మని చప్పుడు.

"ఇదేనా నీ పన్నెండు?" అంది అత్తయ్య.

లెక్క వేస్తే రెగ్యులేషన్ 36 శాతం. రికార్డు బుక్కులో ఇలా రాస్తే మా సార్ పేజీ చింపేసేవారు.

అడాప్టర్ పట్టుకుని గంగానమ్మపేట వైపు ఉన్న పాత టీవీ రిపేర్ షాపుకి వెళ్ళాను. ఇంట్లో నేనే విప్పకపోవడానికి కారణముంది. మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారితే 325 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా అది లోపల కరెంటుని దాచి ఉంచే పెద్ద కెపాసిటర్లో కాసేపు నిలబడి ఉంటుంది. తెలియక వేలు పెడితే గట్టి దెబ్బే. షాపులో బాబాయ్ దాన్ని వైస్‌లో బిగించి అంచు మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తే కాయలా పగిలింది. హోల్డర్లో ఉన్న ఒక బల్బు తీగల్ని ముందు ఆ పెద్ద కెపాసిటర్ కాళ్ళకి ఆనించి, అప్పుడు చేత్తో పట్టుకున్నాడు.

"చూడమ్మా, తల ఉబ్బింది" అన్నాడు.

లోపల వేలెడు బోర్డు. ఒక చివర 400 వోల్టుల కెపాసిటర్, మరో చివర దానికంటే చిన్నది, 1000 ఎమ్ఎఫ్‌డీ (మైక్రోఫారడ్లు, దాని నిల్వకి కొలత) 16 వోల్టులు. ఈ చిన్నదాని తల మీద ప్లస్ ఆకారంలో గాట్లు ఉంటాయి, లోపల ఒత్తిడి పెరిగితే పేలకుండా అక్కడ చీలడానికి. అవి చదునుగా ఉండాలి. దీనిది వేడి పెనం మీద పొంగిన చపాతీలా ఉంది, గాటు సందులో గోధుమ రంగు మరక. కెపాసిటర్ని ఆయన కండెన్సర్ అనే అంటాడు. లోపల ఉండే ద్రవం ఏళ్ళ తరబడి వేడికి ఆరిపోతుందట. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగానికి సగం అవుతుందని నేనూ చదివాను. నాలుగేళ్ళు గాలాడని చెక్క అరలో, టీవీ కింద, సెట్‌టాప్ బాక్స్ పక్కన ఉంచింది ఎవరు? నేనే.

పెద్దదాన్ని కూడా ఊడదీసి మీటర్లో పెట్టాడు. 15 ఎమ్ఎఫ్‌డీ ఉండాల్సింది 8 చూపించింది. పైకి మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

ఆ అంకె చూశాకే మొత్తం కథ అతికింది. పెద్ద కెపాసిటర్ పని కరెంటు ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి వచ్చే లోపు, అంటే సెకనులో వందో వంతు సేపు, నిల్వతో బండి లాగించడం. ఆ నిల్వ వోల్టేజీ వర్గంతో మారుతుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే నిల్వ 61 శాతానికి పడిపోతుంది. అసలు కెపాసిటరే సగమైంది, అందులో 61 శాతం. ఎలక్ట్రీషియన్ చెప్పిన 185ని నేను తోసిపారేశాను గానీ, కొత్త అడాప్టర్‌కి అది లెక్క కాదు, ఈ ముసలిదానికి లెక్కే. ఇక అత్తయ్య ఏసీ వేసి, కంప్రెసర్ ఎత్తుకునే క్షణంలో ఇంట్లో ట్యూబ్‌లైటు కూడా ఒక్కసారి కళ్ళార్పుతుంది. ఎమ్‌సీబీ వేరైతే ఏం, వీధి స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు ఒక్కటేగా. వోల్టేజీ పడేది అక్కడే.

పగలు ఎందుకు బాగుండేదో కూడా తెలిసింది. పగలు నేనొక్కదాన్నే, ఒక ఫోను. సాయంత్రం ఐపీఎల్ టీవీలో, మా ఆయన ల్యాప్‌టాప్, నా క్లాసు, అత్తయ్య సీరియల్. డబ్బాలో వైఫై రేడియోలు గట్టిగా పనిచేస్తే లాగే కరెంటు పెరుగుతుంది. 12 వోల్టులు లోపలికి వెళ్ళాక 3.3కీ, ఇంకా తక్కువకీ విడగొట్టి చిప్పులకి ఇస్తారు. వచ్చే వోల్టేజీ ఒక హద్దు కిందికి జారితే, అది సెకనులో వెయ్యో వంతైనా సరే, డబ్బా ప్రాసెసర్ తప్పులు చేసే లోపే రీసెట్ అయిపోతుంది. నా మల్టీమీటర్ సెకనుకి రెండు మూడు సార్లు అంకె మారుస్తుంది. అంత చిన్న జారుడు దానికి కనిపించే అవకాశమే లేదు.

"జనవరిలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేటప్పుడు ఆరిపోయేదా?" అని అడిగాడు బాబాయ్. అవును, ఆరిపోయేది. అంతకుముందు రెప్పపాటు కూడా తేడా తెలిసేది కాదు. ఇన్వర్టర్ పాతబడిందిలే అనుకుని వదిలేశాం. మూడు నెలల ముందే చెప్పింది పాపం, వినలేదు.

రెండు కెపాసిటర్లూ కొత్తవి వేశాడు, 105 డిగ్రీల వేడి తట్టుకునేవి, చిన్నదానికి 16 బదులు 25 వోల్టులది. సిరీస్ బల్బు మీద, అంటే ఎక్కడైనా షార్ట్ ఉంటే దెబ్బ బల్బు తీసుకునేలా, వెలిగించి చూపించాడు. సామాను ముప్ఫై, కూలి డెబ్బై. నా రెండు బల్బులూ సంచీలోంచి తీసి అక్కడే తగిలిస్తే తెల్లగా, నిలకడగా వెలిగాయి. బాబాయ్ నా సెటప్ చూసి ముచ్చటపడి ఆ ఆకుపచ్చ దిమ్మ ఎక్కడ కొన్నావమ్మా అని అడిగాడు. కానీ పగిలిన పెట్టెకి గమ్ పెట్టి టేప్ చుట్టిన అడాప్టర్‌ని రోజంతా గోడకి ఉంచడం ఆయనకీ ఇష్టం లేదు, నాకూ లేదు. పిల్లలు తిరిగే ఇల్లు. అందుకని దాన్ని దాచిపెట్టి కొత్తది కొన్నాను.

కొత్తది కొనడమూ ఒక పనే. మొదటి షాపులో 12 వోల్టులు 2 ఆంపియర్లు అని రాసిన దిమ్మ 120కి ఇస్తానన్నాడు. చేతిలోకి తీసుకుంటే అగ్గిపెట్టెంత బరువు. ఏ గుర్తూ లేదు. రెండో షాపులో 350. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో వస్తుంది, కౌంటర్ దగ్గరే కొట్టి చూశాను. షాపతను నన్ను ఇన్‌కంటాక్స్ ఆఫీసర్‌ని చూసినట్టు చూశాడు. 1 ఆంపియర్ డబ్బాకి 2 ఆంపియర్లది పెడితే కాలిపోతుందని మా ఆయన భయం. కాలదు. వోల్టులు తేడా రాకూడదు, ప్లస్ లోపల మైనస్ బయట అనే గుర్తు కలవాలి, పిన్ను బిగుతుగా కూర్చోవాలి. ఆంపియర్లంటే అది ఇవ్వగలిగిన గరిష్ఠం, డబ్బా తనకి కావలసినంతే తీసుకుంటుంది. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన చెంబు పొంగదు.

ఇంటికొచ్చి దానికీ బల్బుల పరీక్ష పెట్టాను. ఖాళీగా 12.2, ఒకదానితో 12.0, రెండింటితో 11.9. అప్పుడు గానీ డబ్బాకి తగిలించలేదు. డబ్బా ఇప్పుడు చెక్క అరలో కాదు, గోడకి మేకు కొట్టి వేలాడుతోంది.

నిన్న రాత్రి అప్‌టైమ్ 41 రోజుల 6 గంటలు. 1970 తేదీ మళ్ళీ లాగ్‌లో కనపడలేదు. క్లాసులో వెనక బెంచీ బాపతు పిల్లలు మాత్రం నిరాశపడ్డారు. మధ్యలో దొరికే ఆ 2 నిమిషాల 40 సెకన్లలో వాళ్ళు నీళ్ళు తాగి, హోంవర్క్ సమాధానాలు ఒకరికొకరు పంపుకునేవారట.

అత్తయ్య ఇప్పటికీ ఏసీ రిమోట్ నొక్కే ముందు తలుపు దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, వేస్తున్నా" అని కేకేసి, గోడ మీది డబ్బా వైపు ఒకసారి చూసి వెళ్తుంది.